పట్నం పోయేవాళ్లకు మా వదిన చెప్పిన జాగ్రత్తలు

"ఇప్పుడన్నా అను వదినె. ఆ పొద్దు మమ్ముల కూసోమని చెప్పింది నేనే అని ఒక్క మాట అను."

"మెహిదీపట్నంల బస్సెక్కు. ఈ యాల్లకు ఎండ ఎడమ దిక్కు కొడ్తది, కుడి దిక్కు కూసో. డ్రైవర్ ఎనక సీటు వద్దు, ఇంజను కాక తగుల్తది."

"నీ బస్సు మంటల గలువ!"

"దిగేటప్పుడు జర నిమ్మలంగ దిగు, పిల్లా."

ఇవీ మా ఇద్దరి ఆఖరి మాటలు. పట్నంలో దవాఖాన మంచం మీద పడుకుని, ముక్కులో గొట్టంతో కూడా నాకు బస్సు సీటు చెప్పింది తప్ప నేను అడిగింది చెప్పలేదు. కోపంతో నేను కావాలనే ఎడమ దిక్కు కూర్చున్నాను. మొయినాబాద్ దాటిందాకా ఎండ నా ముఖాన్ని కాల్చింది. రెండో రోజు ఆమె పోయిందని కబురు వచ్చింది.

రాయి బిడ్డా, ఇట్లాగే రాయి. పోయినామె మీ నాయనమ్మ అని నాకు తెలుసు. నలభయ్యో దినం కూడికకు చిన్న పుస్తకం అచ్చు వేస్తున్నారనీ, పాస్టరయ్య నన్నూ నాలుగు మంచి ముక్కలు చెప్పమన్నాడనీ కాగితాలు పట్టుకుని వచ్చింది నువ్వే. నాకు సంతకం దాకానే చదువు. నా మాటలను నీ బడి భాషలోకి సర్దుకో, ఏమీ అనను. ఆమె మాటలు మాత్రం ఆమె నోట వచ్చినట్టే రాయి. వాటిని సర్దితే ఆమె ఆమె కాదు.

"అవ్వా, గివన్ని పుస్తకంల ఎయ్యనిస్తరా?" అంటున్నావు. ముందు రాయి. వెయ్యకపోతే నా పెట్టెలో ఉంటాయి.

మా ఆయనకు ఆమె అక్క. తల్లి తొందరగా పోతే చంకన వేసుకుని పెంచింది. మా ఊరు సురంగల్‌లోనే ఆమెను ఇచ్చారు కాబట్టి పెళ్లి తర్వాత కూడా తమ్ముడి ఇంటికి పది అడుగుల దూరంలోనే ఉంది. కూరగాయల గంపలు బస్సు మీదికి ఎక్కించి రోజూ పట్నం పోయేది. ఆ కాలంలో మా ఊళ్లో ఆడవాళ్లు పట్నం అంటే చెవులతో విన్నవాళ్లే. ఈమె ఒక్కతే కాళ్లతో తిరిగింది. అందుకని మొదటిసారి పట్నం పోయే ప్రతి మనిషీ ఆదివారం ఆరాధన అయిపోయాక చర్చి మెట్ల మీద ఆమె ముందు కూర్చోవాల్సిందే. పాస్టరయ్య ప్రసంగం కంటే ఈమె ప్రసంగమే పొడుగు.

చెప్పేటప్పుడు ఎదుటి మనిషి కొంగు పట్టుకుని తన చూపుడు వేలికి చుట్టుకునేది. మగవాడైతే అంగీ గుండీ పట్టుకునేది. చెప్పింది మళ్లీ అప్పజెప్పిందాకా విడవదు. ఆ వేలు ఎప్పుడూ కొత్తిమీర వాసన వచ్చేది. ఆమె వదిలిపెట్టాక కొంగు కూడా సాయంత్రం దాకా కొత్తిమీర వాసనే.

"కొత్త చెప్పులు ఏసుకోకు. కొత్త చెప్పులేసుకున్నోడు ఆని కాళ్లు చూసుకుంట తిరుగుతడు, పట్నం ఏం చూస్తడు?"

"చార్మినార్‌ను గోడకు ఆనుకొని నిలబడి చూడు. మీదికి చూసుకుంట నడిచినవో, రిక్షా కిందికి పోతవు."

"బాట అడిగితే కూసున్నోణ్ణి అడుగు. నడిచేటోడు తెల్వకున్నా చెయ్యి చూపి పోతడు. దుకాణంల కూసున్నోడు రేపు గూడ ఆడనే కూసోవాలె, ఆడు అబద్ధం చెప్పడు."

"ఏ ఊరంటే సురంగల్ అనకు, ఎవలకెరుక? మొయినాబాద్ అను. అది గూడ తెల్వదంటే గండిపేట పక్కన అను. గండిపేట నీళ్లు తాగనోడు పట్నంల ఎవడున్నడు?"

"ఇరానీ హోటల్ల అడగకముందే సమోసాల ప్లేటు తెచ్చి ముందట పెడ్తడు. మర్యాద చేస్తుండని అన్ని మింగేరు. తిన్నన్ని తిని ఊకోండ్రి, మిగిలినయి ఆడే తీస్కపోతడు."

"ఎవడు ఏం చూపిచ్చినా నక్కో, వద్దు అను. చేతిలకు తీసుకోకు. తీసుకుంటే నీ మెడకు చుట్టినట్టే."

ఇవన్నీ మంచి మాటలే. నేను కాదనను. కానీ ఒకటి తప్పిందంటే ఒప్పుకునే నోరు కాదు ఆమెది. ఒకసారి కొత్త జంటకు దిగాల్సిన చోటు తప్పు చెప్పింది. ఎండలో వాళ్లు పట్నమంతా నడిచి, కాళ్లు బొబ్బలెక్కి వచ్చి, "అత్తా, గట్ల చెప్తివేందే?" అని ఏడ్చారు. "బస్సుల కూసుంటే పట్నం ఏం తెలుస్తది? నడిస్తెనే తెలుస్తది. నేను కావాల్ననే చెప్పిన" అంది. నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను. నా దాకా రాలేదు కాబట్టి నవ్వాను.

ఇక ఆమె జాగ్రత్తల్లో ఆఖరిది. కొంగును ఇంకో చుట్టు బిగించి చెప్పేది దాన్ని.

"పట్నంల గడబిడ అయితే ఉరుకకు. పోలీసోళ్లు ఉరికినోళ్లనే తరుముతరు. ఏడున్నోళ్లు ఆడనే కూసోండ్రి. రెండు చేతులు నెత్తి మీద పెట్టుకోండ్రి. నన్ను ఎన్నిసార్లు ఇడిచిపెట్టిండ్రు!"

విడిచిపెట్టరా మరి? నడివయసు ఆడమనిషి, ముందు కొత్తిమీర గంప. మార్కెట్లో కొట్లాట అయితే పోలీసులు గంప దాటుకుని పోయారు. అది తన గంప మహిమ అని ఆమెకు తోచలేదు. లోకం మొత్తానికీ పనికొచ్చే మాట తనకు దొరికిందనుకుంది.

అరవై తొమ్మిది ఎండాకాలం. నాకు పెళ్లయి మూడు నెలలు. మా పుట్టింటి ఊరు ఆలూరులో ఎవరో చెప్పారు, పట్నం మ్యూజియంలో గడియారం లోపలి నుంచి ఒక బొమ్మ మనిషి బయటికి వచ్చి గంట కొట్టి పోతాడని. అది చూడాలని మా ఆయన ప్రాణం తీశాను. అప్పుడు తెలంగాణ కావాలని పెద్ద గొడవ నడుస్తోంది. బడులు మూతబడ్డాయి. బస్సు ఒకరోజు వస్తే రెండు రోజులు రాదు. మా ఆయన వెనకాముందు ఆడాడు. వదినే తోసింది.

"ఈ వారం సల్లగున్నది తమ్మి. నేను రోజు పోతలేనా, వస్తలేనా? పిల్ల అడుగుతున్నది, తీస్కపో."

తానూ వస్తానంది గానీ ఆ పొద్దున బీరకాయ తెంపుడు పెట్టుకుంది. తెల్లవారుజామున గడప దగ్గర నిలబెట్టి, ఒక చేత్తో ఆయన గుండీ, ఇంకో చేత్తో నా కొంగు పట్టుకుని పాఠం అప్పజెప్పించుకుంది.

"బాట ఎవల్ని అడుగుతవ్?"

"కూసున్నోణ్ణి అక్కా."

"చార్మినార్ ఎట్ల చూస్తవ్?"

"గోడకు ఆనుకొని."

"గడబిడ అయితే?"

"కూసుంటమక్కా."

"నువ్వు చెప్పు పిల్లా. నీ నోటితోటి చెప్పు."

"కూసుంట వదినె."

అఫ్జల్‌గంజ్‌లో దిగాం. మా ఆయన గొడుగులు బాగుచేసే ముసలాయనను బాట అడిగాడు, సరిగ్గానే చెప్పాడు. ఇరానీ హోటల్‌లో ప్లేటు వచ్చింది. తినకపోతే ఆ సాయిబు బాధపడతాడని నేను నాలుగు సమోసాలు తిన్నాను. "అక్క వద్దన్నది గదనే" అని ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. మధ్యాహ్నం దాకా ఆమె చెప్పినవన్నీ నిజమయ్యాయి. అదే మా కొంప ముంచింది.

మ్యూజియం దిక్కు నడుస్తుంటే ఒక చౌరస్తా వచ్చింది. కాలేజీ పిల్లలు రోడ్డుకు అడ్డంగా వరుసలు కట్టి కూర్చుని ఉన్నారు. చేతులు చేతులు గొలుసు వేసుకుని జై తెలంగాణ అంటున్నారు. దుకాణాల వాళ్లు షట్టర్లు సగం దించి చూస్తున్నారు. మేము అంచున నిలబడి వింతగా చూశాం. మాకేం తెలుసు? గడబిడ అంటే ఉరకడం, రాళ్లు విసరడం అనుకున్నాం. ఆ ఏడు పట్నంలో గడబిడ అంటే కూర్చోవడమే. బస్సు ముందు కూర్చోవడం, ఆఫీసు ముందు కూర్చోవడం, రోడ్డు మీద కూర్చోవడం. రోజూ పట్నం పోయి వచ్చే మనిషి ఈ ఒక్క ముక్క చెప్పలేదు మాకు. ఆమె చూడలేదా? చూసే ఉంటుంది. కొత్తిమీర అమ్ముడుపోయిందా లేదా అని తప్ప ఇంకేమీ పట్టించుకోలేదు.

లారీ నిండా పోలీసులు దిగారు. విజిల్ మోగింది. కూర్చున్న పిల్లలు లేచి ఉరికారు. నిలబడి చూస్తున్నవాళ్లూ ఉరికారు. మా ఆయన కూర్చున్నాడు. రోడ్డు నడుమ, రెండు చేతులు నెత్తి మీద పెట్టుకుని, చిన్నపిల్లవాడిలా. నేను ఉరికాను. ఒక ముసలి టైలరు షట్టరు కింది నుంచి నన్ను లోపలికి లాగాడు. ఆ సందులోంచి చూశాను. ఇరవై రెండేళ్ల మగవాడు రోడ్డు మీద కదలకుండా కూర్చుంటే పోలీసులు ఏమనుకుంటారు? లేవడానికి మొండికేస్తున్నాడనుకున్నారు. మోకాలి మీద కొట్టారు. ఆయన "సార్, నేను కూసున్న సార్, కూసున్న" అని అరిచాడు. అంటున్నకొద్దీ కొట్టారు. ఎత్తి లారీలో వేసుకుని పోయారు.

టైలరు నన్ను మా దిక్కు పోయే చేవెళ్ల బస్సు ఎక్కించాడు. ఇంటి గడపలో కూలబడి వదినకు చెప్పాను. తెంపిన బీరకాయలు అట్లాగే వదిలేసి, ఖాళీ గంప నెత్తిన పెట్టుకుని పట్నం పోయింది. ఏ ఠాణాకు పోయిందో, ఎవరి కాళ్లు పట్టుకుందో నాకు ఎప్పుడూ చెప్పలేదు. ఆ మాట రాయి, దాచను. మూడో రోజు కూరగాయల లారీలో గోనెసంచుల మీద పడుకోబెట్టి తెచ్చింది.

ఊరి మొగదలలో జనం కూడారు. చేవెళ్ల నుంచి కూడా పిల్లలు వచ్చారు. లారీ మీద నిలబడి ఆమె ఏమందో విను.

"అందరు ఉరికిండ్రు. మా తమ్ముడు ఉరుకలే. ఎముక ఇరిగినా లెవ్వలే. కూసున్నడు!"

అంతే, ఎవరో జై తెలంగాణ అన్నారు. ఎవరో బంతిపూల దండ తెచ్చారు. ఆయన ముఖం తిప్పుకున్నాడు. సిగ్గుతో తిప్పుకున్నాడు, నాకు తెలుసు. వాళ్లు నొప్పి అనుకున్నారు.

ఆ మోకాలు మళ్లీ మడవలేదు. కలుపు తీయడానికి కూర్చోలేడు, పాలు పిండడానికి కూర్చోలేడు. చర్చిలో అందరం చాప మీద కూర్చుంటే ఆయనకు ముందు వరుసలో కుర్చీ వేసేవాళ్లు. కొత్తగా వచ్చినవాళ్లు పెద్దమనిషి కాబోలు అనుకునేవాళ్లు. పొలం నా నెత్తిన పడింది. టమాట నేను పెట్టాను, బీర నేను పెట్టాను, నీళ్లు నేను కట్టాను. వదిన వాటిని పట్నం తీసుకుపోయి అమ్మి తెచ్చేది. అందులో ఆమె వంకర పని ఏనాడూ చేయలేదు. తిట్టుకుంటూనే ఒక కుటుంబంలా బతికాం.

కానీ ఆమె కట్టిన ఆ కథ ఊళ్లో నిలబడిపోయింది. దానికి రెండో సగం కూడా ఉంది కదా. మొగుడు కూర్చున్నాడు, మరి పెళ్లాం? ఆ సగాన్ని కూడా ఆమే కట్టింది.

నాలుగైదు ఏళ్ల తర్వాత ఒక ఆదివారం. చర్చి మెట్ల మీద కొత్త కోడలు ఒకతె కూర్చుంది. మొగుడితో పట్నం పోతుందట. వదిన ఆ పిల్ల కొంగు వేలికి చుట్టుకుని చెప్పులు, చార్మినార్, సమోసాలు అన్నీ చెప్పింది. నేను గుమ్మంలోనే నిలబడ్డాను. ఆ ఆఖరిది చెబుతుందా? చెబితే ఆమె నోరు మూయించాలనుకున్నాను. మానేస్తే, తప్పు తెలుసుకుందని ఆ రోజుతో అంతా విడిచిపెడదామనుకున్నాను.

"మరి ఏమన్న గడబిడ అయితే అత్తా?" అని ఆ పిల్లే అడిగింది.

వదిన తల ఎత్తి నన్ను చూసింది.

"గది మా మరదలినడుగు. ఆమె ఉరికి బతికొచ్చింది."

అందరూ నవ్వారు. నేను మెట్లు దిగి ఆమె పక్కనున్న గంపను తన్నాను. టమాటలన్నీ చర్చి వాకిట్లో దొర్లాయి. ఆమె కోప్పడలేదు. ఒక్కొక్కటే ఏరి కొంగుతో తుడిచి గంపలో వేసుకుంటూ, "గివి నువ్వు పండిచ్చినయే గద పిల్లా. ఎవల మీద తీస్తున్నవ్ కోపం?" అంది.

ఆ మధ్యాహ్నమే బావి దగ్గర మా ఆయనను నిలదీశాను.

"ఇగ నా తోటి కాదు. నలుగుర్ల చెప్పు. అక్క చెప్తే కూసున్న, తెలంగాణ కోసం కాదు అని చెప్పు."

ఆయన కాలు చాపుకుని గట్టు మీద ఆనుకుని ఉన్నాడు. మోకాలు రుద్దుకుంటూ అన్నాడు. "చెప్తే నన్ను పిచ్చోడంటరు. అంటే అననియ్యి. ఆమెకు తెలుసే, అది ఆమెను లోపల్నుంచి తింటున్నది. బయట గూడ తినమంటవా? గిట్లనే ఉండనియ్యి."

"మరి నేను? నన్ను ఊరంతా మొగుణ్ణి ఇడిచి ఉరికింది అంటున్నరు."

"నువ్వు ఉరికినవు గదా" అన్నాడు.

కోపంగా అనలేదు. ఎండ ఎక్కింది గదా అన్నట్టు అన్నాడు. అందుకే మండింది. ఇప్పటికీ మండుతుంది.

ఆయన పోయాక కొన్నేళ్లకు తెలంగాణ వచ్చింది. చేవెళ్లలో షామియానా వేసి ఆయన ఫోటోకు దండ వేశారు. వదినను స్టేజీ ఎక్కించి శాలువా కప్పారు. నన్ను కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. మైకు పట్టుకుని మళ్లీ అదే మాట అంది ఆమె, "అందరు ఉరికిండ్రు, మా తమ్ముడు ఉరుకలే." నా పక్కనున్నావిడ నన్ను మోచేత్తో పొడిచి, "నువ్వు ఏడున్నవ్ ఆ పొద్దు?" అని అడిగింది. లేచి వచ్చేశాను.

ఆ రోజు నుంచి ఎదురుపడిన ప్రతిసారీ అడిగాను. పెళ్లిలో అడిగాను, చావులో అడిగాను, ఆఖరికి దవాఖానలో అడిగాను. ఊళ్లో చెప్పొద్దు, నా ఒక్కదానితో చెప్పు అన్నాను. "నేను చెప్పిన మాట తప్పు" అనడానికి ఎంత ఊపిరి కావాలి? బస్సు సీటు చెప్పడానికి ఊపిరి ఉంది!

ఆగు. కాగితం మడవకు. ఇందాక ఒకటి దాటేశాను. నేను ఉరికాను అని చెప్పి ముందుకు పోయాను కదా, అక్కడ రాయాల్సింది ఇంకా ఉంది.

ఆయన కూర్చున్నప్పుడు నా చెయ్యి ఆయన చేతిలో ఉంది. కిందికి లాగాడు. "కూసో! అక్క ఏం చెప్పింది?" అన్నాడు. నేను కూర్చోబోయాను. మోకాళ్లు వంగాయి కూడా. అప్పుడు లాఠీలు కనబడ్డాయి. కూర్చుంటే కొడతారని ఆ క్షణాన నాకు తెలిసింది. ఎట్లా తెలిసిందని అడగకు, తెలిసింది. చెయ్యి గుంజుకున్నాను. రాలేదు. ఆయన గట్టిగా పట్టుకున్నాడు. రెండోసారి ఒళ్లంతా వెనక్కి వేసి గుంజితే పెళ్లి గాజులు పగిలి చెయ్యి వచ్చింది. అంత బలం ఉంది బిడ్డా నాలో. ఆ బలంతో ఆయననే పైకి గుంజవచ్చు. "లే, మీ అక్క మాట తప్పు" అని ఒక్క కేక పెట్టవచ్చు. పెట్టలేదు. నాకు తెలిసింది ఆయనకు చెప్పకుండా నేను ఒక్కదాన్నే ఉరికాను.

ఇది ఆయనకు తెలుసు. ఎవరికీ చెప్పకుండా పోయాడు. మీ నాయనమ్మకు చెప్పాడో లేదో నాకు తెలియదు. ఆమె ఒక్కసారి నాది తప్పు అని ఉంటే, నేను కూడా ఆమె ముందు ఈ మాట అనేదాన్ని. వంద సార్లు నోటి దాకా వచ్చింది. మొదలు ఆమె అనాలని పట్టుబట్టాను. ఆమె అనలేదు, నేను అనలేదు. ఈ మాట నా నోట్లోనే ఉంచి, నన్ను ఇట్లా కూర్చోబెట్టి తాను పోయింది. చచ్చినామె మీద ఇంత కోపం ఏమిటని పాస్టరయ్య అడిగితే, ఇదీ అని చెప్పు.

ఎందుకు ఆపావు?

"అవ్వా... గిది గూడ రాయాల్నా? పుస్తకంల అందరు చదువుతరు."

రాయి. మీ నాయనమ్మ తప్పు రాసిన చేత్తోనే నాది కూడా రాయి. ఒకటి ఉంచి ఒకటి తీసేశావంటే నీ కాగితాలన్నీ పొయ్యిలో వేస్తాను.

రాశావా? అయితే ఇటు దగ్గరికి జరుగు, నాకు ఈ చెవి సరిగ్గా వినబడదు. మొదటి నుంచి చదువు. మెల్లగా చదువు. నేను చెయ్యి గుంజుకున్న దగ్గర గొంతు తగ్గించకు. చదువు.